రెండు సెకన్లు కూసున్నోళ్ళు

జూన్‌ల రోజుకు ఏడుగురు.
మా దుకాణం పేరు మీదున్న పేజీ తెరిచి చూసినోళ్ళు.
అండ్ల నలుగురం మేమే.

కొత్తవాడ గల్లీల, గుంట మగ్గంల కాళ్ళువెట్టి
మా మామ సాంబయ్య పంజాతోటి పేకను దబదబ కొడుతుంటె
ఎదురుంగ గడప మీద కూసోని
ఫోన్‌ల ఏఐని అడిగిన:
మా జంపఖానల మీద ఒక వ్యాసం రాసియ్యి,
గూగుల్‌ల మేము పైకి రావాలె.

పొయ్యి మీద పాలు పొంగకముందే
ఎనిమిది వందల మాటలు కుమ్మరించింది.
"తరతరాల దర్రీ వైభవం, వెన్నెల్లో నేసిన కలలు,
ప్రతి పోగులో ఒక ప్రేమకథ."

సదివి వినిపిస్తె మామ పంజా ఆపిండు.
"ఎన్నెలనా?
నలభై క్యాండిల్ బుగ్గ కింద నేసినం బిడ్డా,
కరెంటు పోతె కందిలి.
ప్రేమకథ ఏ పోగుల ఉన్నదో సూపియ్యమను,
తెగితె అతికిచ్చుకుంట."

నవ్విన. నవ్వుకుంటనే పెట్టేసిన.
అసొంటియి ముప్పై పెట్టిన నెల రోజులల్ల.
జులైల తొమ్మిదిమంది.
ఒకాయన బెల్జియంకెల్లి వచ్చిండు,
తొవ్వ తప్పిండో ఏమో
రెండు సెకన్లకే లేసి పోయిండు.

ఒక రాత్రి పిల్లగాడు పన్నంక
జనం ఏ మాటలు ఎతుకుతున్నరో ఆ పట్టీ తెరిచిన.
దర్రీ లేదు. వైభవం లేదు.
జంకాన. జంపకాన. జమ్కానా.
"పెండ్లికి పన్నెండు గజాల జంపఖాన ఎంత"
"తడిసిన జంపఖాన వాసన ఎట్ల పోతది"
ఫోన్ నోటికాడ వెట్టుకోని
పక్కింటామెను అడిగినట్టు అడిగిన మాటలు.

ఆఖరిది మూడు వందల పదకొండు సార్లు.
నాలా పొంగి హంటర్ రోడ్డు ఇండ్లల్లకు నీళ్ళొచ్చిన వారం అది.
మా పేరు నలభై మూడో వరుసల కనవడ్డదట,
ఎవ్వలూ ముట్టలే.
ముట్టితె మాత్రం ఏమున్నది,
వాళ్ళది బురద, మా దగ్గర ఎన్నెల.

తెల్లారి మామను అడిగిన.
అటు దిక్కు చూడకుంటనే చెప్పిండు:
"పిండొద్దు. పిండితె ఎరుపొచ్చి తెలుపు మీదెక్కుతది.
బురద తడి మీద రుద్దొద్దు, ఆరనియ్యాలె, సన్న పుల్లలతోటి కొట్టాలె.
కుంకుడు నురుగుల బట్ట ముంచి ఒత్తాలె.
నీడకు ఏలాడదియ్యాలె, ఎండకేస్తె నీలముంటది, ఎరుపు పోతది.
మూడోనాడు గూడ వాసనొస్తె
నా దగ్గరికి తెమ్మను."

ఏఐకి చెప్పిన: ఈ మాటలే వరుస వెట్టు, నీయి కలుపకు.
వరుస మంచిగనే వెట్టింది, అబద్ధమెందుకు,
నాతోని అయ్యేది కాదు.
కని నడుమ నిమ్మరసం ఒకటి సొప్పించింది.
"నిమ్మకాయనా? రంగు సస్తది, తీసెయ్యి," అన్నడు మామ.
నిమ్మకాయ తీసేసిన.
ముప్పై ఎన్నెలలు గూడ తుడిచేసిన,
ఒక్కొక్కటి తుడుస్తుంటె
మురిగిన నూలు ఊడదీసినట్టనిపించింది.
దర్రీ అన్నకాడల్లా జంపఖాన అని రాసిన,
జంకాన అని గూడ రాసిన, జనం తప్పు వాళ్ళిష్టం.

ఆగస్టుల రోజుకు అరవై నలుగురు.
అమ్ముడువోయినయి నాలుగే,
అండ్ల ఒకటి వాపసొచ్చింది, కొలత చిన్నగయిందని.

జమ్మికుంట నుంచి ఒకామె ఫోన్ చేసింది.
"కొనుడు గాదు తమ్మీ, ఉన్నదాన్ని కాపాడుకునుడు."
మామ అర్ధగంట మాట్లాడిండు,
ఎన్ని పుల్లలు, ఎక్కడ కొట్టాలె, ఎంత మెల్లగ.
ఆ దినం జానెడు గూడ నెయ్యలే.

పొద్దూకినంక చేతుల నూలు దులుపుకుంట అడిగిండు:
"ఇయ్యాల ఎంతమందొచ్చిండ్రు?"
"డెబ్బై ఒకటి మామా."
"కూసున్నరా?"

అంకె ఎతికి చెప్పిన,
"రెండు నిమిషాల నలభై సెకన్లు."

"గంతేనా," అన్నడు,
బుగ్గ ఏసి మళ్ళ గుంటలకు దిగిండు.