చిరునామా గడి

కాస్త్రో ఊళ్లో ఆసుపత్రి వెనక గదిలో
ఒకే ఒక్క ఫ్రీజరు, సున్నాకి ఎనభై డిగ్రీల కింద.
నాలుగు దీవుల డాక్టర్లు రెండేళ్లు తగువులాడి
చివరికి ఒకే తాళంచెవికి ఒప్పుకున్నారు.
నా పని చిన్నది. పడవలో చల్లపెట్టె మోసుకెళ్లడం,
మనిషికి మూడు గొట్టాల నెత్తురు, పదకొండు ప్రశ్నలు, ఒక సంతకం.

ఎదువినా నవెల్కిన్ ఇంటికి వెళ్తే
ఇల్లు లేదు.
చిలోయేలో అది వింతేం కాదు.
నేల కుంగితే ఇంటినే దుంగల మీదికెక్కించి
ఎడ్లు కట్టి, ఊరంతా భుజం పట్టి లాక్కుపోతారు.
దాని పేరు మింగా. కూలి ఉండదు.
ఇవాళ నీ ఇంటికి నా భుజం, రేపు నా ఇంటికి నీది.

తాళ్ల మధ్య, సగం దారిలో ఆగిన గుమ్మంలో కూర్చుని
ఆవిడ చొక్కా చెయ్యి పైకి మడిచింది.
చిరునామా గడిలో ఏం రాయను?
"ఇల్లదే. చోటే ఇంకా తేలలేదు."
తొమ్మిదో ప్రశ్న: ఇంట్లో ఎవరికైనా జబ్బు?
"నా కొడుక్కి. దానికి పేరు వెతికేలోపే పోయాడు."
మూడో గొట్టం నిండేదాకా
ఎడ్లని అదిలించలేదు ఎవరూ.

తమ్ముడు రొసామెల్ మాత్రం
జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.
"మా అమ్మ నెత్తురూ పట్టుకెళ్లారు, తెల్ల పడవలో వచ్చి.
అప్పు తీసుకున్నవాడు కనపడితే మొహమైనా చాటేస్తాడు.
వీళ్లకి చాటెయ్యడానికి మొహమే లేదు.
ఏం తెలిసిందో చెప్పలేదు.
ఏమీ తెలియలేదనైనా చెప్పలేదు."

ఆ మాటకి ఫారంలో గడి లేదు.
వెనకవైపు రాసుకున్నాను. వానకి సిరా అలుక్కుపోయింది.
అలుకుడులోంచే డాక్టర్లకి చదివి వినిపించాను.
ఒకాయన పడవ ఖర్చు ఎంతని అడిగాడు.
ఇంకొకావిడ ఏమీ అడక్కుండా
ఒప్పందం అడుగున పెన్నుతో ఒక వరుస రాసింది:
ఏటా ఒకసారి వెళ్లి చెప్పిరావాలి.

మళ్లీ జూన్, మళ్లీ వాన.
కొత్త చోట పాత ఇల్లు, కాస్త ఎడమకి ఒరిగి.
పొయ్యి మీద బంగాళాదుంప రొట్టె.
అంత సముద్రం దాటి నేను మోసుకొచ్చిన కబురు ఇదీ:
మీ గొట్టాలు భద్రం,
ఇప్పటిదాకా ఏమీ తెలియలేదు.

ఎదువినా రొట్టె తుంచి నా ముందు పెట్టింది.
రొసామెల్ లేచి బయటికెళ్లాడు, కట్టెలకేమో అనుకున్నాను.
చేతులు కడుక్కుని వచ్చాడు.
స్వెట్టరు మోచేతిదాకా లాగి
బల్ల మీద ఆనించి,
కిటికీ వైపు చూస్తూ అడిగాడు:
"సూది సన్నదేనా?"