బక్కెట్టు పరీక్ష

చచ్చిన జిల్ లారీ కింద దూరి
దంబీ మూడ్రోజులు బోల్టులతో దెబ్బలాడాడు.
తుప్పు వదల్లేదు. తిట్టాడు, డీజిల్ పోశాడు, మళ్ళీ తిట్టాడు.
ఆఖరికి ఒక కమాన్‌పట్టీ ఊడొచ్చింది,
గోబీ ఎండకి చెయ్యి కాలేలా.

మా రష్యా వ్యానుకి అదొకటి అదనం.
యూ బోల్టు పొడవు చాలక
నా పొయ్యి చువ్వ వంచి మర కోశాడు.
షాకబ్జార్బర్ కింద టైరు ముక్క,
దాని కింద మా ఖొంగొర్‌జుల్ పాత బూటు అట్ట.

"బెత్తెడు లేచింది చూడు!"
గుర్రం కొన్నవాడిలా చుట్టూ తిరిగాడు.

నేనేమీ అనలేదు.
గుర్రప్పాలు బక్కెట్టు అంచుదాకా పోసి
వెనక సీట్లో పెట్టి మూత తీసేశాను.
పోనీ, ఆ ఎండిన ఏటికి అడ్డంగా.

మొదటిసారి పాలన్నీ టాపుకి.
పట్టీ విప్పాడు, కొసలు అరగదీశాడు, గ్రీజు రాశాడు.
రెండోసారి సగం.
మూడోసారి ఏమైందో చెప్పడు, చొక్కా మాత్రం తడిసింది.

అయిదోసారి అవతలి గట్టున ఇంజనాపి
వెనక్కి తిరిగాడు.
బక్కెట్టు అంచున ఈగ
లేవకుండా తాగుతోంది.

సరే, ఇక నేనెక్కుతాను, అన్నాను
పొట్ట కింద చెయ్యేసుకుని.
పెద్దది ఈ ఏటి నడుమే పుట్టింది,
ఆస్పత్రి ఇంకా డెబ్భై కిలోమీటర్లుండగా.