మెట్ల కుర్చీ

పదిహేను కిలోలు తగ్గాలంది డాక్టర్ ఎతేరి,
గుండె ఇక మొయ్యదట.
గళ్ల పుస్తకం చేతిలో పెట్టి
తిన్నదీ రాయమంది, నడిచిందీ రాయమంది.

ముప్ఫయ్యొక్క ఏళ్లు
మట్టి పొయ్యిలోకి నడుందాకా వంగి
పడవలాంటి రొట్టెల్ని లోపలి గోడకి చరిచినదాన్ని.
అంచు విరిగిన రొట్టె అమ్ముడుపోదు,
నా నోట్లోకే పోయేది.
తింటున్నానని ఎప్పుడూ అనుకోలేదు,
బల్ల శుభ్రం చేస్తున్నాననుకున్నాను.
ఆ అంచుకి తొంభై కేలరీలట!
కొనేవాళ్లకి కొసరు వేసిన చెయ్యే
ఇన్నాళ్లూ నాకూ వేసుకుందన్నమాట.

త్బిలిసిలో మా పాత బిల్డింగు లిఫ్టు
నాణెం మింగితేగానీ కదలదు.
డబ్బాలో వెయ్యబోయిన పది తెత్రీలు
పిడికిట్లోనే బిగించి మెట్లెక్కాను.
మూడో అంతస్తులో ఆయాసం,
నాలుగులో ఎవరో వెల్లుల్లి వేయిస్తున్న వాసన,
ఐదులో ఒక కుర్చీ.
"ఎవరిది?" అంటే
తలుపు సందులోంచి జుంబెర్
"మెట్లది, గులీకో" అన్నాడు.
మర్నాటికి దాని మీద దిండు కూడా వచ్చింది.
ఎనిమిదో అంతస్తులో నా నాణెం
ఖాళీ ఊరగాయ సీసాలో పడి ఘల్లుమంది.

దోసకాయకి పదిహేను.
గిన్నెడు ఉడికిన బీన్స్‌కి రెండు వందలు.
వాల్‌నట్లు ఐదు. అబద్ధం. కొట్టేసి తొమ్మిది అని రాశాను.
రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ ముందు నిలబడి తిన్న చీజ్‌ని
కాకిలెక్కల్లో కలిపేద్దామనుకున్నాను గానీ
పెన్సిల్ ఒప్పుకోలేదు.

మార్చిలో జుంబెర్ పోయాడు.
నలభయ్యో రోజు బల్ల పరిచారు.
ఇంతింత ఖాచాపురీలు, వాటి మీద కరుగుతున్న వెన్న.
నేను కాల్చిన రొట్టె మీదే నాలుగు చుక్కలు ఒలికించి
పోయినవాడి పేర మొదటి గ్లాసు.
సగం వదిలేస్తే
మనిషిని సగమే తలచుకున్నట్టు.
ఖాళీ చేశాను.
తర్వాత అతని తల్లి పేర, తర్వాత
యుద్ధం నుంచి తిరిగిరాని తమ్ముడి పేర.
ఇంటికొచ్చి పెన్సిల్ పట్టుకుని
చాలాసేపు కూర్చున్నాను.

నెలాఖరున
గడుల వెంట వేలు నడిపిస్తూ ఎతేరి ఆగింది.
"ఇక్కడ అంకె ఏది?"
ఆ గడిలో జుంబెర్ అని ఉంది.
ఏమీ అనకుండా పేజీ తిప్పింది.
ఆరు వందల గ్రాములు పెరిగానని మాత్రం
నేల చూస్తూ చెప్పింది.

కుర్చీని అతని కూతురు తీసుకెళ్లలేదు.
దిండు గలీబు ఉతికి మళ్లీ తొడిగాను.
ఐదో అంతస్తులో ఇప్పుడు నాకు ఆయాసం రాదు,
అయినా కూర్చుంటాను.

ఇది పుస్తకంలో రాయను.