సీటు కుట్టేవాడి అంచనా

ఆంటిపోలో కొండ మలుపులో మా కొట్టు.
ముందు కుట్టుమిషను, వెనక స్పాంజి దిమ్మలు,
గోడ పొడుగునా రెక్సిన్ చుట్టలు.
ఆదివారం తెల్లారేసరికి
పక్కనున్న ఆలింగ్ పురా గంజి బల్ల మీద
హెల్మెట్లు గుమ్మడికాయల్లా కూచుంటాయి.
వాటి యజమానులు
ఇంకా పుట్టని బండి కోసం కొట్లాడుకుంటారు.

ఉన్నది ఒకటే ఫోటో.
ఫోన్లోంచి ఫోన్లోకి మారి మారి మాసిపోయింది.
నల్లగుడ్డ కప్పిన బండి, గుడ్డ కింద ఉబ్బిన ఒక భుజం,
అంచున అంగుళం మేర చక్రం.
ఆ అంగుళం చూసి ఇంజిన్ జాతకం చెప్తారు.

రెండు వందల యాభై, నాలుగు సిలిండర్లు అంటాడు విర్హిలియో.
దాని కూత వింటే కుక్కలే దారిస్తాయట.
ఆరు వందలు లేనిది బండే కాదంటాడు ఎస్కుడేరో.
ఆయన పళ్ళ డాక్టరు, అప్పు ఎరగని మనిషి.
"ఆరు వందలు కొనేదెవరు? దాని టైర్ల ధరకి నా బండే వస్తుంది"
అంటూ విర్హిలియో గంజిలో అల్లం ముక్కలు ఏరుతుంటాడు.
జనం అడిగిందే కంపెనీ చేస్తుందని ఒకడు,
జనం ఏమడగాలో కంపెనీయే నేర్పుతుందని ఇంకొకడు.

నాకు ఇంజిన్లు తెలీవు.
ఇరవై రెండేళ్ళుగా నాకు తెలిసినవి పిరుదులు.

నవ్వకండి.
షోరూములో వంద గుర్రాల బలం అడిగినవాడే
మూడో నెలలో నా గుమ్మం దగ్గర నిలబడి
అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి,
"మాంగ్ సెలో, రెండంగుళాలు తీసెయ్, కాళ్ళు ఆనడం లేదు" అంటాడు.
కోసిన ముక్కలన్నీ ఒక గోనెలో వేస్తాను.
గిరాకీ లెక్క కావాలంటే కంపెనీవాళ్ళు
వచ్చి ఆ గోనె తూచుకోవచ్చు.
ప్రస్తుతానికి అందులో మా పిల్లి ఈనింది.

రోసౌరో ఈ గోలలో కలవడు.
వాడిది నూట పాతిక, వెనక ఎర్ర పెట్టె,
పెట్టెలో ఎవరెవరివో వేడన్నాలు.
నాలుగు వందలకి తక్కువైతే ఇక్కడ
ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కనివ్వరు.
టోల్ గేటు కాపలావాడు మాట కూడా ఖర్చుపెట్టడు,
వేలితో పక్క రోడ్డు చూపిస్తాడు.
ఆ వేలు చూసి చూసి
వాడికి ఒక్క లెక్కే మిగిలింది.
గుర్రాలొద్దు, కూతొద్దు, రంగు ఏదైనా సరే.
గేటు కర్ర పైకి లేవాలి,
దాని కింద నుంచి తను వెళ్ళాలి.

మూడు వందల తొంభై తొమ్మిదట అని పుకారు వచ్చిన రోజు
గంజి సగంలో వదిలి లేచాడు.
"ఒక్క సీసీ," అన్నాడు.
"మా అక్క పాపకి దగ్గు మందు అంతకంటే ఎక్కువ పోస్తుంది."
కాగితం మీద నాలుగు వందలే రాస్తార్లే అన్నాడు ఎస్కుడేరో.
ఎవడో పందెం కాశాడు.
ఆలింగ్ పురా మిగిలిన గంజి తిరిగి గిన్నెలో పోయలేక,
పారబోయలేక, మూత పెట్టింది.

నిన్న సాయంత్రం వానలో వచ్చాడు.
రెయిన్‌కోటు విప్పకుండా, నేలంతా నీళ్ళు కారుస్తూ
ఆ ఫోటో నా ముందుంచాడు.
"దీని సీటు ఎత్తెంతుంటుంది?"

ఆలు లేదు చూలు లేదు అందామని నోటిదాకా వచ్చింది.
కళ్ళజోడు పైకి నెట్టి చూశాను.
గుడ్డ మడత చూశాను,
భుజం దగ్గర బిగిసి తోక వైపు జారిన వాలు చూశాను.
ఇంజిన్లు తెలీవు గానీ గుడ్డ సంగతి నాకు తెలుసు.

"ఎత్తే. నీకు అంగుళంన్నర తీయాలి."

బల్ల మీద కూచోబెట్టి టేపు పెట్టాను.
తొడ కొలత, మోకాలి నుంచి మడమ దాకా కొలత.
కదలకుండా కూచున్నాడు,
చేతులు మాత్రం ముందుకు సాచి,
ఏమీ లేని చోట ఏదో పట్టుకుని.

అడ్వాన్సు వద్దన్నాను. ఇచ్చాడు.
తడిసిన వంద పెసోల నోటు
మిషను మీద ఆరబెట్టాను.
రసీదులో బండి పేరుకి ఒక గడి ఉంటుంది.
"ఏం రాయను?" అన్నాను.
"నాలుగు వందలని రాయండి."

రాశాను,
పెన్సిలుతో.