గుర్రాల తోటకు కఫీల్ మారినాడు

ఫహాహీల్‌లో సముద్రం పక్కనుండే
గుర్రాల తోటకు కఫీల్ మారినాడంట.
ఖైరూన్‌బీ చెప్పింది, నవ్వుకుంటా:
"మన మాదిరే దానిక్కూడా రిలీజు దొరికింది పో!"
మేమూ నవ్వినాం.
కఫీల్ మారితే ఏమైతాదో తెలిసినోళ్ళం,
అయినా నవ్వినాం.

పాత ఆసామి అబూ ఖలాఫ్
గేటు కాడ ప్లాస్టిక్ కుర్చీలో
చెప్పులిడిసి, చాయ్ తాగుతా ఉండె.
ఆయనది ఒకటే చట్టం:
బిడ్డ చెయ్యి పట్టుకున్నోళ్ళకు టికెట్టు లేదు.
మేమంతా పట్టుకున్నోళ్ళమే.

శుక్రవారం అసర్ నమాజు అయినాక
రాయచోటి, సుండుపల్లె, పుల్లంపేట, కోడూరు
అన్నీ వచ్చి ఆ చెక్కగుర్రాల చుట్టూ చేరుతా ఉండె.
చెవి విరిగిన తెల్లగుర్రం మీద మా లులువా,
నడుం పట్టుకోని పక్కన నేను.
ముందు గుర్రం కాడ కోడూరు ఎస్తేరమ్మ.
గుర్రం పైకి పోతే ఆమె మాటా పైకి పోతాది,
కిందికొస్తే కిందికి:
"మా ఆయన... ఆటో...
అమ్మేసినాడంట... నాకు చెప్పకుండానే..."
సగం కథ ఆ రౌండులో.
మిగతా సగం వచ్చే శుక్రవారం.
ఆటో ఎంతకమ్మినాడో తెలుసుకునేకి
నాకు ఏడు దినాలు పట్టింది.

బెంచీ కింద డబ్బాలు మారుతాయి.
ఒకరి ఊరిమిండి ఇంకొకరి రొట్టెలోకి.
అబూ ఖలాఫ్ ఒకసారి వేలు ముంచి నాకి,
కండ్లలో నీళ్ళు తిరిగినా
"జేన్, జేన్" అన్న్యాడు.

మూణ్ణెల్లు రేకులు కట్టి మూసిపెట్టినారు.
తెరిచినాక పేరు మారిపోయింది.
అక్షరాలు నిమిషానికొక రంగు తిరుగుతాండాయి.
గుర్రానికి కొత్త చెవి అతికించినారు.
బాగుంది, బాగలేదని నేననను.
మరుగుదొడ్లో గూడా అత్తరు వాసన.

గేటు కాడ కుర్చీ లేదు.
మిషనుంది. నోట్లో కార్డు పెడితే పలుకుతాది.
పిల్లోళ్ళకు నీలం పట్టీ, పెద్దోళ్ళకు పసుప్పచ్చ,
మనిషికి ఆరు దినార్లు.
బయట తిండి లోపలికి రాగూడదు.
మేడం చెడ్డది గాదు.
మిషను తట్టు చూసింది, నా తట్టు చూసింది,
లెక్క చూసుకునింది.
"ఈడ్నే ఉండు" అన్నింది.

ఇప్పుడు మేం కార్ల మధ్యలో నిలబడతాం.
మేమంటే, నేనూ ఎస్తేరమ్మా.
మిగిలిన ఇండ్లోళ్ళు మాలుకు పోతాండారంట,
ఏ మాలో తెలీదు.
ఎస్తేరమ్మకు ఏమైందో ఏమో,
నేల మీద నిలబడి చెప్పమంటే
కథ రావడం లేదు.
"ఏముంది లే" అంటాది,
కమ్మీల అవతల తలకాయల్ని లెక్కపెడతాది.

మొన్న లులువా ఉరుక్కుంటా వచ్చి
రెండు చేతులూ చాపి చూపించింది.
"పట్టుకోకుండా ఎక్కినా!
దేన్నీ పట్టుకోలే!"
సెబ్బాష్ అన్న్యా.
ఎప్పుడో ఒకనాడు నేర్చుకోవాల్సిందే గదా.
నా అరచెయ్యి మాత్రం
దాని నడుం కొలతకే ఒంగి ఉండాది ఇంకా.

ఖైరూన్‌బీ స్టీలు డబ్బా నా కాడే ఉండిపోయింది.
మూత మీద ఆమె పేరు
చుక్కలు చుక్కలుగా కొట్టించుకోనుంది.
ఆమె ఫోను వాళ్ళ మేడం బీరువాలో ఉంటాది,
శుక్రవారం తోటకొచ్చేటప్పుడే చేతికిచ్చేది.
ఏ బ్లాకో, ఏ ఇల్లో నేనెప్పుడూ అడగలే.
శుక్రవారం ఉండగా
అడ్రసెందుకు అనుకున్యాం.

డబ్బా కడిగి బోర్లించినా.
ఉత్త డబ్బా తిరిగి ఇయ్యగూడదు గదా,
అందుకని బేస్తవారం రాత్రి అందరూ పండుకున్నాక
చెనిక్కాయల ఊరిమిండి నూరి
దాన్నిండా పెడతాండా,
గుడ్డ సంచిలో ఏసుకోని కార్ల కాడికి పోతాండా.
శనివారం నేనే తింటాండా.