ఒక సున్నా

టైమ్‌టేబుల్లో ఉన్నది ఉన్నట్టు చదివాను:
వై-మండ్-హామ్.
డ్రైవరు టికెట్టు ఇవ్వకుండా నన్నే చూశాడు.
వెనక గొడుగు దులుపుకుంటున్నావిడ జాలిపడి
"విండమ్, లవ్" అంది.
మధ్యలో అన్నేసి అక్షరాలు
ఎవరి పొట్టలోకి పోయాయో అడగలేదు.

నార్ఫోక్‌లో ఇది నా మూడో వారం.
ఇళ్ళకెళ్ళి పుళ్ళకి కట్లు మార్చే నర్సుని.
కాగితం మీద హాపిస్‌బర్గ్ అని ఉంటే
నోట్లో అది హేజ్‌బ్రా.
గుణింతాలు వల్లెవేసిన నాలుక నాది,
రాసిందల్లా పలికేస్తుంది,
లెక్క అప్పజెప్పినట్టు.

మేవిస్ గెడ్జ్‌కి ఎనభై ఆరు.
ఎడమ మడమ మీద మానని పుండు.
గాజుగుడ్డ తడిపి మెల్లగా ఊడదీస్తుంటే
నొప్పి మరవడానికి నాకు పాఠం చెప్తుంది:
బ్యూటిఫుల్ కాదమ్మాయ్, బూటిఫుల్.
కబుర్లాడటం అంటే మార్డలింగ్.
"లండన్ వెళ్ళి మా చెల్లెలు
ఇలా మాట్లాడటం మానేసింది.
దాంతో పోట్లాటకి కూడా మనిషి లేదు."

మరి మీ ఊరో, అంది.
ఫైలు వెనక రాసిచ్చాను, ఇంగ్లీషులో పన్నెండు అక్షరాలు.
కళ్ళద్దాలు సర్దుకుని
చీకట్లో మెట్లు దిగినట్టు దిగింది:
వి-జి-యా-న-గా-రమ్.
"కాదు" అన్నాను. "ఇజీనారం."

పదకొండేళ్ళయింది ఆ మాట బయటికొచ్చి.
గుంటూరు నర్సింగ్ కాలేజీ మెస్సులో
"ఏటి కూర?" అన్నందుకు
మూడు బల్లలు నవ్వాయి.
అందరికన్నా గట్టిగా నవ్విన హైమ
తను "ఏంది" అనేది. దానికెవరూ నవ్వేవారు కాదు,
మెస్సు వాళ్ళ ఊళ్ళో ఉంది మరి.
ఆ రాత్రే నా ఏటిలోకి ఒక సున్నా దూర్చి
ఏంటి చేసుకున్నాను.
సెప్పుని చెప్పు చేశాను,
అది చాన్నాళ్ళు కరిచింది.

మేవిస్ మంచం కదిలేలా నవ్వింది.
"అంటే మీవాళ్ళూ మింగుతారన్నమాట!"
"నమిలి మరీ" అన్నాను.
నేను బూట్లు వేసుకునేదాకా
ఇజినర్రా, ఇజినర్రా అంటూనే ఉంది,
చివరి సున్నా దుప్పట్లో ఎక్కడో పారేసుకుని.
వెతికివ్వలేదు.

తిరుగు బస్సులో, అద్దాలకి వాన.
బర్మింగ్‌హామ్ నుంచి హైమ ఫోను:
"ఏందే, డ్యూటీ అయిందా?"

"ఏటి?" అన్నాను. "ఇనిపించట్లేదు."

అటువైపు కాసేపు మాట లేదు.