మూడడుగుల సముద్రం

వాడరేవుల పొద్దుగాల ఐదింటికే నిలబడ్డ.
మనుషులు పక్కకు జరిగేదాంక రెండు గంటలు,
ట్రైపాడు కాళ్లు ఇసుకల కూరుకపోయినయి.
ఆఖరికి దొరికింది:
నీళ్లు, ఆకాశం, నడుమ సన్నటి గీత.
ఒక్క తలకాయ లేదు.

దేవరకద్రల నా స్టూడియోల
దువ్వెన యాలాడే మేకు పక్కన తగిలేసిన.
మూడడుగుల వెడల్పు.
ఫ్రేము గట్టిన మైబూసాబు
"ఫోటో సాఫున్నది" అన్నడు.
గదే నాక్కావాల్సిన మాట.

తెల్లారి కుర్మయ్య వచ్చిండు,
గొర్ల లోను కాయితాలకు రెండు ఫోటోలు.
మెడ వంచి చూసి
"కోయిల్‌సాగరే గదా?
ఈసారి మంచిగ నిండింది" అన్నడు.

సముద్రం, కుర్మన్నా.

"ఎంతుంటది?"

చేతులు చాపిన. సరిపోలె.
చూస్తే ఫోటో గూడ
నా చేతులంతనే ఉన్నది.

ఆ రాత్రి పాత కార్డు తీసి దేవులాడిన.
పనికిరాదని పక్కకు వెట్టిన బొమ్మ ఒకటి.
మా ఈదమ్మ వదినె, అడ్డమొచ్చింది.
కుచ్చిళ్లు పిక్కల దాంక ఎత్తి పట్టి
ఒక్క చేతిల రెండు చెప్పులు,
మనకు వీపు.
గోరంత మనిషి.
ఆమె నిలబడ్డందుకు
నీళ్లు ఎనుకకు, ఇంకా ఎనుకకు జరిగి
ఎక్కడికో పోయినయి.
కుర్చీల కూసున్నోన్ని, కాళ్లు మీదికి తీస్కున్న.

దాన్నే తగిలేసిన.

వారం దినాలు ఒకటే అడుగుడు:
ఎవరామె? ఏ ఊరు? చీర ఏడ కొన్నది?
ఇంటాయన ఏడి? చెప్పులెందుకు ఇప్పింది?
వదినె తానే వచ్చి చూసి
"గింతంతనే ఉన్ననా నేను" అని
మొకం ముడుసుకొని పోయింది.
నీళ్ల సంగతి ఒక్కరు తియ్యలె.

మళ్ల మొదటిదే ఎక్కిచ్చిన.

మనిషుంటే మంచిదా, లేకుంటనా అని
ఫోటోలు నేర్సుకునే పోరగాళ్లు అడుగుతరు.
నాకు తెల్వదు.
పింఛను ఫోటోకు వచ్చినోళ్లు
వంతు వచ్చేదాంక ఊకుండరు,
దువ్వెన అందుకొని, అద్దమనుకొని
ఆ ఫ్రేము ముంగట నిలబడుతరు.
గాజు మీద తమ మొకం చూస్కుంట
పాపిట తీస్కుంటరు
అలలల్ల.

నిన్న కుర్మయ్య అట్లనే రుమాలు సర్దుకుంట
"జర నీళ్లు కదులుతున్నయి రా" అన్నడు.
ఫ్యాను గాలికి ఫ్రేము ఊగుతున్నది.
మేకు వదులైందని
నేను చెప్పలె.